చేతులు మాత్రం ఉండనీ

చేను ఎట్లా ఉందో తెలుసుకోవడానికి లక్ష్మీపతి చేనికి పోవాల్సిన పని లేదు. సోమవారం పొద్దున తొమ్మిది కాకముందే చేనే ఆయన ఇంటికి వచ్చేది. మదనపల్లెలో ఎరువుల అంగడి, పుంగనూరు దారిలో నాలుగెకరాల బోరు చేను. అంగడి గల్లా పెట్టె ముందు నుంచి లేచి అంతదూరం పోవడానికి ఆయనకు ఒళ్లు వంగదు. అందుకని కౌలుకు చేస్తున్న అంజినప్పకు ఒక షరతు పెట్టాడు. వారం వారం వీడియో తీసి పంపాలి. మొక్క ఎంత ఎదిగింది, డ్రిప్పు పైపు ఎక్కడ కారుతోంది, కట్టెలు నాటారా లేదా, అన్నీ కనబడాలి. ఆయన ఫోన్ ఎప్పుడూ నిండిపోయే ఉంటుంది కాబట్టి అవి కోడలు రోజా ఫోన్‌కి వచ్చేవి. తీసేది అంజినప్ప భార్య నాగరత్నమ్మ. నాలుగు నెలలుగా ఒక్క సోమవారం కూడా తప్పలేదు.

దీన్ని లక్ష్మీపతి అజమాయిషీ అనేవాడు. ఫ్యాను కింద కూర్చుని ఎండలో ఉన్నవాళ్ల చేతుల మీద కన్నేసి ఉంచడానికి అంత మర్యాదైన మాట దొరకడం ఆయన అదృష్టం.

ఆ సోమవారం వీడియోతో పాటు అంగడికి ఒక కరపత్రం కూడా వచ్చింది. కుప్పంలో మెట్ట రైతుల సంఘం శనివారం మేళా పెడుతోంది. టమాటా బాగా పండించిన రైతులు నారు నుంచి కోత దాకా రెండు నిమిషాల వీడియో పంపాలి. ఫోన్‌తోనే తీయాలి, స్టూడియోలో చేయించినవి తీసుకోరు. అందరూ మెచ్చిన వీడియో ఎవరిదో ఆ రైతుకు సంఘమే పది సెంట్లలో నారు పెంచే షేడ్‌నెట్ నర్సరీ వేసి ఇస్తుంది. వేదిక మీద శాలువా కప్పుతుంది. లక్ష్మీపతి ఆ కాగితాన్ని శాలువా దాకా చదివి మడిచి జేబులో పెట్టుకున్నాడు.

మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వచ్చినప్పుడు కోడలికి పని అప్పగించాడు. స్టూడియో వద్దన్నారు కాబట్టి ఫోన్లోనే ఏదో ఒకటి ఎక్కించుకుని నాగరత్నమ్మ పంపిన ముక్కలన్నీ అతికించమన్నాడు. రోజా సంతోషంగానే ఒప్పుకుంది.

వీడియోలు చేయడం ఆమెకు కొత్త కాదు, అంత గొప్పగా వచ్చనీ కాదు. వాకిట్లో ముగ్గు, రోట్లో ఊరిబిండి పచ్చడి నూరడం, మిద్దె మీద మల్లెచెట్టు తొలిపూత, ఇట్లాంటివి తీసి ముందూ వెనకా కత్తిరించి అక్కచెల్లెళ్లకు పంపేది. పదిహేడు ముక్కల్ని ఒకటి చేయడం ఇదే మొదలు. దానికి యాప్ కావాలి. మంగళవారం గిన్నెలు కడిగి, ఫోన్ పట్టుకుని కిటికీ పక్కన కూర్చుంది.

మొదటి యాప్ అన్నీ చేయనిచ్చింది. గంటసేపు కష్టపడి తీరా దాచుకోబోయేసరికి డబ్బు కట్టమంది. కట్టకపోతే టమాటాల నడిమధ్యన తన పేరు ముద్ర వేస్తానంది. బంతిలో కూర్చోబెట్టి, విస్తరి వేసి, వడ్డించే ముందు టికెట్టు అడిగినట్టుంది. దాన్ని తీసి పారేసింది. రెండో దాంట్లో లేనిదంటూ లేదు. వాన కురిపిస్తుంది, మెరుపులు చల్లుతుంది, గొంతు మారుస్తుంది, మనుషుల్ని తెల్లగా చేస్తుంది. ఫోన్ దోసెపెనంలా కాలింది. ఇంతా చేసి నాగరత్నమ్మ అని తెలుగులో రాస్తే ఒత్తులన్నీ ఊడి పక్కన పడ్డాయి.

మూడోది చిన్నది. కత్తిరించడం, అతికించడం, అక్షరాలు రాయడం, శబ్దం తగ్గించి పెంచడం, అంతే. నాలుగే బొమ్మలు. ఒత్తులు వాటి చోట్లలోనే నిలిచాయి. అడుగడుక్కీ అడ్డం వచ్చి ఏదో ఒకటి కొనమని వేధించలేదు. మన పనికి ఇది చాలు అనుకుంది రోజా.

వారానికొకటిగా చూసి వదిలేసిన ముక్కల్ని వరసగా చూస్తుంటే ఆమెకే ఆశ్చర్యమేసింది. పాత చీరలు పందిరి కట్టి దాని కింద పోసిన నారు. మట్టి మీద పరిచిన మల్చింగు షీటు బెజ్జంలో వేలు దూర్చి మట్టి తడి చూస్తున్న అంజినప్ప. కట్టె నుంచి కట్టెకు పురికొస లాగి, మొక్క నడుముకు బిగియకుండా చుట్టు వేస్తున్న అంజినప్ప. తెల్లవారుజామున మూతికి తువ్వాలు కట్టుకుని మందు కొడుతున్న అంజినప్ప. చివరికి మొదటి పండు. దాన్ని తొడిమతో పట్టుకుని ఫోన్ ముందుకు చాచి నవ్వుతున్నాడు. ఫోన్ వెనక నుంచి నాగరత్నమ్మ నవ్వు కూడా వినబడుతోంది.

ఆ నవ్వుతోనే ముగించింది రోజా. కింద అక్షరాలు వేసింది. సాగు: అంజినప్ప, నాగరత్నమ్మ. చేను: లక్ష్మీపతి. ఎవరి భాగం వాళ్లకు ఇచ్చాననే అనుకుంది. ఆ ఇంటికి వచ్చి ఐదేళ్లయినా ఆమెకు ఆ ఇంటి లెక్క తెలియలేదు.

సాయంత్రం కాఫీ తాగుతూ లక్ష్మీపతి చూశాడు. పంట బాగా కనబడుతోందన్నాడు. పాట ఒకటి పెట్టమన్నాడు. రెండోసారి చూసి మొహం చిట్లించాడు.

“వీడు యాల ఇంతసేపు?”

“ఆయనే కదా మామా చేసింది.”

“చేసినాడు, కాదనలేదే. చేను ఎవురిది? చేతులు మాత్రం ఉండనీ. చేతులు ఎవురివైతే ఏముండాది, పని కనబడాల, అంతే. ముఖం తీసెయ్. ఆ పేర్లు కూడా తీసెయ్. ముఖం కావాల్సిన చోట నన్ను పెట్టు. రేపు చేనికి పోదాం, వచ్చి తియ్యి.”

చాలా సాధారణంగా అన్నాడు, కూరలో ఉప్పు తగ్గించమన్నట్టు. రోజాకు ఆ మాట అర్థం కావడానికే కొంచెంసేపు పట్టింది. చేతులు ఉండాలట, చేతులున్న మనిషి ఉండకూడదట.

భర్త హరినాథ్ అంగడి నుంచి వచ్చాక అడిగింది. అతను చొక్కా మార్చుకుంటూ ఓపిగ్గా చెప్పాడు. ఆరేళ్లుగా అంజినప్పకు కౌలు నోటిమాట మీదే నడుస్తోంది. ప్రతి ఉగాదికీ వచ్చి తాంబూలం పెట్టి అడుగుతాడు, సరేనంటారు. కాగితం లేదు. మూడేళ్లకోసారి చేనిలో పై ముక్కా కింది ముక్కా మార్చి ఇస్తారు, ఒకే చోట పాతుకుపోకుండా. పేరు ఎక్కడైనా ఎక్కిందంటే రేపు కౌలు రైతుకు సర్కారు ఇచ్చే సాగుదారు కార్డు అడుగుతాడు. నాయన భయం అదేనని, అందరూ చేసేది ఇదేనని చెప్పాడు.

పోయినేడు వడగండ్లు పడినప్పుడు సర్కారు డబ్బు ఎవరికొచ్చింది అని రోజా అడిగింది. పట్టా ఎవరి పేరున ఉంటే వాళ్లకే వస్తుందన్నాడు.

“మరి నష్టం ఎవురికొచ్చింది?”

హరినాథ్ చొక్కా గుండీలు పెట్టుకుంటూ ఉండిపోయాడు. ఆ గుండీలు ఎంతకూ పూర్తికాలేదు.

బుధవారం పొద్దున, బయలుదేరేముందు, రోజా ఆ రెండో యాప్ తెరిచింది. తీసేయడం మరిచిపోయింది దాన్ని. అందులో మనుషుల్ని మాయం చేసే బొమ్మ ఒకటుంది. కోత రోజు వీడియోలో అంజినప్ప మీద వేలు పెట్టింది. నాలుగు నెలల చాకిరి చేసిన మనిషి అర నిమిషంలో పోయాడు. అతను నిలబడిన చోట టమాటా ఆకులు వచ్చి కమ్మేశాయి, ఎవరూ ఎప్పుడూ అక్కడ లేనట్టు. అతని చేతిలోని బుట్ట మాత్రం గాలిలో నిలిచింది. రోజా అతన్ని వెనక్కి తెచ్చుకుని, ఆ యాప్‌ను పీకేసింది.

కోపం వచ్చింది. యాప్ మీద కాదు, దానికేం తెలుసు. మామ మీద, భర్త మీద, వాళ్లకు ఎదురుచెప్పలేని తన మీద. ఆ ఇంట్లో గొంతు పెంచే ధైర్యం తనకు లేదని ఆమెకు తెలుసు, అదే ఎక్కువ మండింది. చివరికి ఆ చిన్న యాప్‌లోనే బొమ్మను దగ్గరికి లాగి అంజినప్పను మెడ కింది నుంచి మాత్రమే కనబడేట్టు చేసింది. ఒక్కో ముక్కలో ఒక్కోసారి తల తీసేసింది. నవ్వు ఉన్న ముక్కను పూర్తిగా వదిలేసింది. పేర్లు తుడిచేసింది. మామ చెప్పిన పనే చేసింది.

చేనికి లక్ష్మీపతి ఇస్త్రీ తెల్లచొక్కాతో వచ్చాడు. మొక్కకు కట్టు కడుతున్నట్టు తీయమన్నాడు. పురికొస ఎట్లా పట్టుకోవాలో ఆయనకు తెలియదు. అంజినప్ప పక్కన గొంతుక్కూర్చుని, ఫోన్‌లో పడకుండా వంగి, ఆడ కాదన్నా, ఇట్ల, రవంత వదులుగా అని చెబుతున్నాడు. లక్ష్మీపతి గట్టిగా లాగాడు. పిందెలతో ఉన్న కొమ్మ పుటుక్కున విరిగింది. అంజినప్ప దాన్ని తీసి సాలు పక్కన పెట్టాడు.

“రైతు మాదిరి లేను కదమ్మా” అన్నాడు లక్ష్మీపతి, ఫోన్‌లో తనను చూసుకుని. తర్వాత అంజినప్ప వైపు చెయ్యి చాచాడు. “నీ తువ్వాలు ఇట్లియ్యి రా.”

అంజినప్ప భుజం మీది తువ్వాలు తీసి, దుమ్ము దులిపి, ఇచ్చాడు. లక్ష్మీపతి అది భుజాన వేసుకుని, ఈ పంటకు తాను ఎంత కష్టపడ్డాడో చెప్పాడు. రోజా తీసింది. రెండుసార్లు మళ్లీ తీయాల్సి వచ్చింది.

తర్వాత ఆయన బోరు చూడ్డానికి అంజినప్పను వెంటబెట్టుకుని పోయాడు. రోజా బాక్సులు పేర్చిన పాక కింద కూర్చుంది. నాగరత్నమ్మ చెంబుతో మజ్జిగ తెచ్చి ఇచ్చింది. రోజా తాగలేక తాగింది. మొదట చేసిన వీడియో ఇంకా ఫోన్లోనే ఉంది, అది చూపించింది. రెండోదీ చూపించింది. ఎందుకు చూపించిందంటే, చూపించకుండా ఉండడం ఇంకా కష్టమైంది.

నాగరత్నమ్మ రెండూ చూసింది. రెండోదాంట్లో భర్త చేతులు చూసి, ఆ ఎడమ చేతి బొటనవేలికి కట్టె పగిలి గుచ్చుకున్న వారం అది, చీము పట్టినా పని ఆపలేదు అంది. ఏడుస్తుందేమో, తిడుతుందేమో అని రోజా ఎదురుచూసింది. తిట్టి ఉంటే బాగుండేది. నాగరత్నమ్మ రోజానే ఓదార్చింది.

“నువ్వు మాకోసం ఇంట్లో మాటలు పడొద్దు తల్లీ. ఆయన సెప్పినట్టే సెయ్యి” అంది. తర్వాత అడిగింది. “ఆ నర్సరీ, పంట చేసినోల్లకా, చేనున్నోల్లకా?”

పంట చేసినవాళ్లకేనని రోజా చెప్పింది. నాగరత్నమ్మ లెక్కలు మొదలుపెట్టింది. ఊర్లో ఇంటి వెనక పదిహేను సెంట్లు సొంతానిది ఉంది. చీరల కింద పోసిన నారే చుట్టుపక్కలవాళ్లు వచ్చి అడుగుతారు, చాలక లేదని చెప్పి పంపుతోంది. నెట్టు ఉంటే ఏడాది పొడుగునా నారు పోయవచ్చు. ఇంక ఉగాదికి ఎవరి గుమ్మంలోనూ తాంబూలం పట్టుకుని నిలబడాల్సిన పని లేదు. ఇదంతా గట్టిగా కాదు, బాక్సు పుల్లలు విరుస్తూ తనలో తాను చెప్పుకున్నట్టు చెప్పింది.

ఆ తర్వాత తన ఫోన్ తీసి రోజా ఒళ్లో పెట్టింది. అద్దం పగిలి టేపు వేసిన ఫోన్. ఇట్లా అతికించేది ఏదైనా ఉంటే అందులోకి ఎక్కించమంది. ఎక్కువ ఉన్నవి వద్దు, తనకు రావు అంది. రోజా ఆ చిన్న యాప్ ఎక్కిస్తుంటే ఆమె ఇంకొకటి అడిగింది.

“మనిషిని తీసేసేది దీంట్లో ఉండాదా?”

“లేదక్కా.”

“అయితే ఇదే ఉండనీ.”

ఐదేళ్లలో రోజా ఆమెను పేరు పెట్టి కాకుండా పిలవడం అదే మొదటిసారి. ఇద్దరూ అది గమనించినట్టు కనబడలేదు. అరగంటలో నేర్పేసింది. వేలితో నెట్టడం, గీత దగ్గర కత్తిరించడం, పక్కముక్కకు అతికించడం. నాగరత్నమ్మ వేలికి టమాటా ఆకు పసరు నల్లగా పట్టి ఉంది, ఫోన్ ఒక్కోసారి ఆ వేలిని గుర్తించలేదు. చీరకు తుడుచుకుని మళ్లీ నొక్కింది. పాత వీడియోలన్నీ ఆమె దగ్గరే ఉన్నాయి. పెద్దాయన ఎప్పుడు ఏది మళ్లీ అడుగుతాడోనని ఒక్కటీ తుడిచేయలేదట.

చివరగా, ఇది పంపే నంబరు ఏదో చెప్పమంది.

రోజా వేలు ఆగింది. బోరు దగ్గర నుంచి మామ గొంతు వినబడుతోంది. ఈ నంబరు ఇస్తే ఏమవుతుందో ఆమెకు తెలుసు, ఇవ్వకపోతే ఏమవుతుందో అదీ తెలుసు. కరపత్రం ఫోటో తీసి ఉంచుకుంది. అందులో చూసి నంబరు ఎక్కించి, ఫోన్ వెనక్కి ఇచ్చింది.

శనివారం కుప్పంలో కల్యాణమండపం నిండిపోయింది. శాంతిపురం నుంచి, రామకుప్పం నుంచి, పుంగనూరు నుంచి రైతులు వచ్చారు. లక్ష్మీపతి రెండో వరసలో కూర్చున్నాడు, పక్కన హరినాథ్, రోజా. అంజినప్ప, నాగరత్నమ్మ వెనక తలుపు దగ్గర నిలబడి ఉన్నారు. చేను పని వదిలి వీళ్లు ఎందుకొచ్చారని లక్ష్మీపతి అడిగితే, మేళా చూడ్డానికేమో అని హరినాథ్ అన్నాడు. అది నిజమేనని అతను నమ్మాడు.

లక్ష్మీపతి వీడియో ఏడోది. పాట బాగా మోగింది. నారు, మట్టిలో వేలు, పురికొస లాగుతున్న చేతులు, మందు కొడుతున్న చేతులు, పండు కోస్తున్న చేతులు. నల్లటి చేతులు, పగిలిన గోళ్లు. ఆ తర్వాత తెల్లచొక్కాలో, భుజాన తువ్వాలుతో లక్ష్మీపతి ముఖం. చప్పట్లు కొట్టారు. ఆ ముఖం పక్కన ఆ చేతుల్ని ఎవరూ పెట్టి చూడలేదు. రోజా తల వంచుకుంది.

ఇంకో నాలుగైన తర్వాత, పుంగనూరు దారి నుంచి అంజినప్ప అని మైకులో చదివారు. లక్ష్మీపతి వెనక్కి తిరిగి చూశాడు.

పాట లేదు. గాలి హోరు, ఎక్కడో కుక్క అరుపు, బోరు మోత. అదే నారు, అదే బెజ్జం, అదే పురికొస. అవే చేతులు. ఈసారి వాటి పైన మెడ, మెడ పైన ముఖం. ఎండకు కళ్లు చిట్లించుకున్న ముఖం. అక్కడక్కడ కత్తిరింపు కుదరక బొమ్మ ఎగిరింది. మండపంలో మాటలు ఒక్కొక్కటిగా ఆగిపోయాయి. ఏడో వీడియోలోని చేతులు ఎవరివో అందరికీ తెలిసిపోతోంది. చివర అంజినప్ప సాలు మధ్యలో నిలబడి నేరుగా చూశాడు. తువ్వాలు లేదు.

“నా పేరు అంజినప్ప. ఈ చేను నాది కాదు. కౌలుకు చేస్తాండాము. పంట మాత్రం మాది, నాదీ మా నాగరత్నమ్మదీ.”

రెండు నిమిషాలు కూడా కాలేదు. అక్కడితో అయిపోయింది.

సంఘం కార్యదర్శి కమలాక్షి అనే ఆమె మైకు తీసుకుంది. రెండు వీడియోల్లోనూ చేను ఒకటే కనబడుతోందని, పండించింది ఎవరో చెప్పాలని అడిగింది. లక్ష్మీపతి కోడలి వైపు చూశాడు. ఈసారి ఆమె తల వంచలేదు. ఆయన లేచి, నవ్వు తెచ్చుకుని, వాళ్లు మా మనుషులేనమ్మా, మేమంతా ఒకటే అన్నాడు.

“ఒకటే అయితే కాగితం మీద రాసియ్యన్నా” అంది తలుపు దగ్గర నుంచి నాగరత్నమ్మ.

గట్టిగా అనలేదు, వినబడింది అంతే. ముందు వరసల వాళ్లందరూ వెనక్కి తిరిగారు. ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. ఆ మండపంలో నోటిమాట కౌలు వాళ్లు ఎంతమందో, నోటిమాట మీద చేను ఇచ్చిన వాళ్లు ఎంతమందో, అందరికీ తెలుసు.

కమలాక్షి పెద్దగా ఆలోచించలేదు. అదే చివరి వీడియో, ఏది మెచ్చారో చేతులెత్తమంది, ఎక్కువ చేతులు అంజినప్పకే లేచాయి. నర్సరీ పంట చేసినవాళ్లకే అని, పండించింది వాళ్లేనని చేని యజమాని సంతకం కావాలని చెప్పి, కాగితం బల్ల మీద పెట్టి రాయడం మొదలుపెట్టింది. రాస్తూనే, చేను ఇచ్చిన రైతుకు కూడా సంఘం శాలువా కప్పుతుందని మైకులో చెప్పింది. మాట చాలా మర్యాదగా ఉంది. ఆమెకు ఇట్లాంటి లక్ష్మీపతులు చాలామంది తెలుసనిపించింది రోజాకు.

లక్ష్మీపతి వెళ్లకుండా ఉండగలిగేవాడే. కడుపునొప్పి అనవచ్చు, పని ఉందని లేచి పోవచ్చు. కానీ రెండు వందల మంది చూస్తున్నారు, శాలువా మడత విప్పారు, ఫోటో తీసేవాడు సిద్ధంగా ఉన్నాడు. ఆయన వేదిక ఎక్కాడు. శాలువా కప్పించుకున్నాడు. పెన్ను ఇచ్చారు. కాగితం మీదికి వంగినప్పుడు ఆ పెన్ను ఒకసారి ఆగింది. ఆరేళ్లు ఏ కాగితం పుట్టకుండా కాపలా కాశాడో అదే కాగితం కింద, చప్పట్ల మధ్య, సంతకం పెట్టాడు.

కిందికి దిగి రోజా పక్కనుంచి పోతూ, ఇంటికి రా మాట్లాడదాం అన్నాడు. రోజా సరే మామా అంది. హరినాథ్ ఆమె వైపు చూసి, కారు తాళాలు తీసుకుని తండ్రి వెనక నడిచాడు.

మెట్ల దగ్గర అంజినప్ప నిలబడి ఉన్నాడు. పలకరించినవాళ్లకు ఏం చెప్పాలో తెలియక అందరికీ దండం పెడుతున్నాడు. నాగరత్నమ్మ కాగితం నకలు తెచ్చి రోజా చేతికిచ్చింది. ఆమెకు చదవడం వచ్చు, అయినా పైకి చదివితే వినాలని ఉందట.

“ఉగాదికి చేను తీసేసుకుంటాడు. తీసుకోనీ” అంది. “నువ్వు సదువు.”

రోజా చదివింది. ఈ పంటను సాగు చేసినవారు అంజినప్ప, ఆయన భార్య నాగరత్నమ్మ అని చేని యజమానిగా ధ్రువీకరిస్తున్నాను. ఇట్లు, లక్ష్మీపతి.

నాగరత్నమ్మ విని, మళ్లీ చదవమంది. బయట కారు హారన్ మోగింది, ఆగి మళ్లీ మోగింది. రోజా మొదటినుంచి చదవడం మొదలుపెట్టింది.